లేని నొప్పికి కట్టు

మా బడిలో ఆవిడని టీచర్లు సిస్టర్ అనేవాళ్లు. పిల్లలం మాత్రం చాటుగా పట్టీలమ్మ అనుకునేవాళ్లం. చాటుగా అన్నానే గానీ, ఆవిడకి తెలియకపోలేదు. ఒకసారి రెండో తరగతి పిల్ల ఒకతె నోరు జారి, "పట్టీలమ్మా, కడుపునొప్పి" అంది. గదిలో ఉన్న మాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ మాత్రం "కడుపుకి పట్టీ కట్టరమ్మా, అలా పడుకో" అని మంచం చూపించి, తన పని తను చేసుకుంది.

ఆ గది మేడ మెట్ల కింద ఉండేది. కప్పు ఒక పక్కకి వాలి ఉండడంతో, పొడుగ్గా ఉన్నవాళ్లెవరైనా ఆ మూలకి వెళ్తే నెత్తి బొప్పి కట్టాల్సిందే. ఒక ఇనప మంచం, ఒక స్టీలు బీరువా, ఎవరెక్కినా రెండు కిలోలు ఎక్కువ చూపించే బరువు మిషను, గోడ పొడుగునా ఒక బల్ల. కిటికీ తెరిస్తే ఎదురుగా వాలీబాల్ కోర్టు. ఆటల పీరియడ్ గంట కొట్టగానే ఆవిడ లేచి ఆ కిటికీ రెక్కలు మూసేసేది. ఎందుకు మూసేదో ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లకి మాత్రమే తెలుసు.

ఆటల పీరియడ్ అంటే కొంతమంది పిల్లలకి ఎలా ఉంటుందో, బాగా ఆడేవాళ్లకి ఎంత చెప్పినా ఎక్కదు. "ఆడుకోమంటే కూడా ఏడుపేనా?" అంటారు. వాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లెక్కలో తప్పు చేస్తే ఆ తప్పు నోటుబుక్కులో ఉంటుంది, పుస్తకం మూసేస్తే అదీ మూసుకుపోతుంది. కోర్టులో తప్పు చేస్తే నలభై మంది కళ్లెదుట చేస్తాం. మన పుణ్యమా అని ఓడిపోయిన ఐదుగురూ పక్కనే నిలబడి ఉంటారు. ఆటలున్న రోజు నాకు పొద్దున పళ్లు తోముకుంటుంటేనే అరచేతులు చల్లబడేవి. అలాంటివాళ్లందరం ఏదో ఒక కాలు పట్టుకుని ఆ మెట్ల కిందకి చేరేవాళ్లం.

పట్టీలమ్మ పద్ధతి ఒకటే. నిజంగా నొప్పేనా అని అడగదు. ఎప్పుడు తగిలింది, ఎలా తగిలింది అనదు. "ఏ కాలు?" అంటుంది. మనం చెప్పిన కాలు ఒళ్లో పెట్టుకుని, వెడల్పాటి సాగే పట్టీ తీసి, మోకాలి కింద మొదలుపెట్టి పైదాకా పొందిగ్గా చుట్టి, పిన్ను పెట్టి, రిజిస్టర్లో రాస్తుంది: పేరు, తరగతి, ఎడమ మోకాలు, మూడు రోజులు ఆటలు వద్దు. ఆ తర్వాత మనల్ని బల్ల మీద కూర్చోబెట్టి, ఉతికి ఆరేసిన పట్టీల కుప్ప ముందు పడేస్తుంది. పీరియడ్ అయ్యేదాకా వాటిని గట్టిగా చుట్టలు చుట్టడం మన పని. వదులుగా చుట్టామా, విప్పి మళ్లీ చుట్టిస్తుంది. ఆ ఒక్క విషయంలో దయాదాక్షిణ్యాలు లేవు.

నాలుగో రోజు కట్టు విప్పి, "వాపు తగ్గింది. పో, ఆడుకో" అనేది. లేని వాపు తగ్గడమేమిటని మీకు నవ్వు రావచ్చు. కానీ చాలామందికి తగ్గేది. మూడు రోజుల పాటు ఎవరూ తోయకుండా, ఎవరూ ఆరా తీయకుండా వదిలేస్తే, భయం దానంతటదే కాస్త మెత్తబడుతుంది. మా తరగతిలోనే ఇద్దరు అలా వెళ్లి చక్కగా ఆడారు. రెండోసారి వచ్చినవాళ్లు కొంతమంది ఉన్నారు. మూడోసారి వచ్చినవాళ్లు బాగా తక్కువ. నేను పదకొండుసార్లు వెళ్లాను.

నా భయం బంతంటే కాదు, హారనంటే. మా నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఆయన రూటు మా గ్రౌండు గోడ పక్కనుంచే. మా అక్క ఆ బళ్లో చదివినన్నాళ్లూ వాలీబాల్ టీముకి కెప్టెను. మూడుంబావుకి ఆ గోడ దగ్గరకి వచ్చేసరికి నాన్న బస్సు నత్తనడక నడిచేది. అక్క సర్వీసు చేస్తూ కనిపించిందంటే రెండు హారన్లు కొట్టేవాడు. బస్సులో కొందరు తిట్టేవాళ్లు, కొందరు కిటికీల్లోంచి చప్పట్లు కొట్టేవాళ్లు. అక్క అటు తిరిగి ఒక నవ్వు నవ్వి, బంతిని అవతలి కోర్టు మూలకి దిగ్గొట్టేది. తను కాలేజీ హాస్టలుకి వెళ్లిపోయాక ఏడాదిపాటు నాన్న ఆ గోడ పక్కనుంచి నోరు కుట్టేసుకుని పోయాడు, పాపం. నేను ఆరో తరగతికొచ్చి కోర్టులో అడుగుపెట్టిన రోజు ఆయనకి మళ్లీ ప్రాణం లేచొచ్చింది.

"ఇంక నీ వంతే చిన్నీ" అన్నాడు.

మొదటి సర్వీసుకి బంతి పైకి ఎగరేశాను. సరిగ్గా అప్పుడే గోడ అవతల హారన్. నా చెయ్యి గాలిలో ఊగింది, బంతి తిన్నగా వచ్చి నా నెత్తిన పడింది. కోర్టంతా నవ్వింది. బస్సులో సగం నవ్వింది. నాన్న కూడా నవ్వుతూ చెయ్యూపి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక, "మొదట్లో అంతేనే. రోజూ కొడతాగా, అదే అలవాటైపోతుంది" అని ధైర్యం చెప్పాడు. మాట తప్పే మనిషి కాడు. రోజూ కొట్టాడు.

కొట్టొద్దు నాన్నా అంటే అయిపోయేదిగా అంటారు మీరు. ఆ మాట నాలిక చివరిదాకా ఎన్నిసార్లు వచ్చిందో. అన్నం తింటూ ఆయన, "ఇవాళ ఆ ఎర్రలైటు పడకపోయుంటే నీ సర్వీసు అందేది" అని బాధపడుతుంటే, ఆ ముఖం చూసి మింగేసేదాన్ని. రోజుకి పది గంటలు ఆ స్టీరింగు ముందు కూర్చునే మనిషికి సరదా అంటూ ఉన్నది ఆ రెండు హారన్లే. అవి లాగేసుకోడానికి నాకు మనసొప్పలేదు. అందుకని కాలు ఎంచుకున్నాను. ఎడమది.

కట్టుతో ఇంటికి వెళ్లిన రోజు నా తెలివి తెల్లారింది. బళ్లో కట్టు కట్టించుకున్న పిల్ల ఇంట్లో మామూలుగా ఎలా నడుస్తుంది? మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. రెయిలింగు పట్టుకుని కుంటుకుంటూ ఎక్కాను. మూడు రోజుల ముచ్చటే కదా అనుకున్నాను. నాలుగో రోజు పట్టీలమ్మ కట్టు విప్పింది. కోర్టులోకి వెళ్లి నిలబడ్డాను. మూడుంబావు అయ్యేసరికి గోడవైపు చూసుకుంటూ వణికాను. మర్నాడు మళ్లీ మెట్ల కిందకి. ఆవిడ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "అదే కాలా?" అని మాత్రం అడిగింది.

అలా, సెలవులూ పరీక్షలూ కలుపుకుని, ఐదు నెలలు. మా నానమ్మకి ఎప్పటినుంచో మోకాళ్లనొప్పులు. ఇంట్లో ఎవరూ ఆవిడ గోడు పట్టించుకోరని ఆవిడ ఫిర్యాదు. నేను కుంటడం మొదలుపెట్టాక ఆవిడకి నేను తోడు దొరికాను. సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, తన నూనె సీసాలోంచి నా చేతిలో కూడా ఇంత పోసేది.

"ఈ ఇంట్లో నా బాధ తెలిసింది నీకొక్కదానికేనే. వానొచ్చే ముందు నీక్కూడా లాగుతుందా?"

"లాగుతుంది నానమ్మా."

"ఎక్కువా?"

"నీ అంత కాదులే."

నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాలన్నిటిలో దానికే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది. ఒకరోజు పరధ్యానంగా కుడికాలితో కుంటేశాను. అమ్మ పట్టేసింది. "నిన్నటిదాకా ఎడమ కాలు కదే?" అంది. "రెండూనమ్మా" అన్నాను. చెప్పి నాలిక కరుచుకున్నాను గానీ, అమ్మ కళ్లల్లో అప్పటికే నీళ్లు తిరిగాయి.

కింద వాకిట్లో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే మెట్ల మీద కూర్చుని చూసేదాన్ని. తొక్కుడుబిళ్లంటే నాకు ప్రాణం. దానికి ఏ హారనూ లేదు. కానీ ఒంటికాలి మీద గెంతే పిల్లకి మోకాలునొప్పి అంటే ఎవరు నమ్ముతారు? ఒక్క సర్వీసు తప్పించుకోబోయి ఆటలన్నీ పోగొట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు కూడా నేను కుంటుతూనే తిరుగుతున్నానని అప్పట్లో నేను గమనించనేలేదు. గమనించి ఉంటే అప్పుడే హడలిపోయేదాన్ని.

నాన్న సెలవు పెట్టి నన్ను ఎముకల డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. డాక్టరు టేపు తీసి రెండు తొడలూ కొలిచాడు. ఎడమది అర అంగుళం సన్నబడింది. ఐదు నెలలు దాని మీద బరువు వేయకపోతే సన్నబడక ఏమవుతుంది! తర్వాత ఆయన బడి రిజిస్టరు నకలు తెప్పించుకున్నాడు. పదకొండుసార్లు, అదే మోకాలు, అదే చేతిరాత. దాన్ని వేలితో తడుముతూ తల పంకించాడు.

"నర్సు ఇన్నిసార్లు చూసి రాసిందంటే ఉత్తినే ఉండదు. ఎముక బాగానే ఉంది, లోపల మెత్తటి భాగం నలిగి ఉంటుంది. మత్తిచ్చి, చిన్న రంధ్రం పెట్టి, కెమెరాతో చూద్దాం. అవసరమైతే అప్పుడే సరిచేస్తాం" అన్నాడు. గురువారం పొద్దున అని రాసిచ్చాడు. నాన్న సంతకం పెడుతుంటే కలం రెండుసార్లు ఆగింది. అప్పుడైనా చెప్పొచ్చు. కానీ ఐదు నెలల నూనె, మెట్లు, అమ్మ కన్నీళ్లు, నాన్న సెలవులు అన్నీ ఒక్క మాటతో అబద్ధమైపోతాయి. ఆ మాట నా నోట్లోంచి రావాలి.

మంగళవారం ఆటల పీరియడ్‌లో పట్టీలమ్మ దగ్గరకి పరుగెత్తాలనిపించింది, కుంటుతూ వెళ్లాను. అదృష్టం కొద్దీ ఆ రోజు బల్ల మీద ఎవరూ లేరు.

"గురువారం నా మోకాలు కోస్తారంట సిస్టర్."

ఆవిడ చేతిలోని పట్టీ చుట్ట కింద పడి, విప్పుకుంటూ మంచం కిందకి దొర్లిపోయింది. దాన్ని తీయలేదు. మంచం మీద కూలబడి, "ఇంట్లో చెప్పెయ్యమ్మా" అంది.

"నేను చెప్పలేను. మీరు చెప్పండి."

"ఏమని చెప్పనే? పదకొండుసార్లు నా చేత్తో నేనే రాశాను."

పెద్దవాళ్లకీ భయమేస్తుందని నాకు తెలియడం అదే మొదలు.  ఆవిడ ఆ వాలిపోయిన కప్పువైపు చూస్తూ, నాకు చెబుతున్నట్టు కాకుండా చెప్పింది. తమ్ముడి ఇంట్లో ఉంటుందట. హాల్లో అందరూ టీవీ కట్టేసి లేచాక మడత మంచం వేసుకోవాలట, వాళ్లు లేవకముందే తీసేయాలట. "తాళంచెవి నా దగ్గరుండే గది నాకు ఇదొక్కటే" అంది.

"మరి అందరికీ ఎందుకు కట్టారు సిస్టర్?" అన్నాను. నాకు కోపం కూడా వచ్చింది. ఆవిడ వద్దని ఉంటే నేను ఇందులో ఇరుక్కునేదాన్నే కాదు కదా అనిపించింది. ఇరుక్కున్నవాళ్లకి ఎవరో ఒకరి మీద కోపం రావాలిగా.

ఆవిడ నా వయసులో ఉన్నప్పుడు ఈత నేర్పించారట. ఎత్తు బల్ల మీదనుంచి దూకాలి. నిచ్చెన ఎక్కి బల్ల చివరిదాకా వెళ్లాక కాళ్లు కదల్లేదు. వెనక్కి దిగుదామంటే నిచ్చెన నిండా పిల్లలు. ముందు చూస్తే నీళ్లు. కిందనుంచి మాస్టారు, "ఎందుకు దూకవు? చెప్పు, ఎందుకు?" అని అరుస్తూనే ఉన్నాడు. దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. చివరికి వెనకవాళ్లెవరో తోసేశారు.

"ఆ 'ఎందుకు' అన్న మాట ఏ పిల్లనీ అడక్కూడదనుకున్నాను" అంది. "కానీ నిన్ను అడగాల్సింది. కనీసం మూడోసారైనా అడగాల్సింది. కట్టు కట్టడమే తేలిక నాకు."

అప్పటికీ అడగలేదు. గంట కొట్టారు. చెబుతానని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. నేను కుంటుకుంటూ క్లాసుకి వెళ్లిపోయాను.

గురువారం పొద్దున నన్ను ఆసుపత్రి వరండాలో ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. వెనక ముడులుండే వదులు గౌను వేశారు. కడుపులో ఏమీ లేదు, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అమ్మ ఒక పక్క, నాన్న ఒక పక్క. మధ్యాహ్నం డ్యూటీ ఉంది కాబట్టి నాన్న యూనిఫాంలోనే వచ్చాడు. పక్క బెంచీ మీద చేతికి సిమెంటు కట్టుతో ఒక ముసలాయన, మరో నలుగురు. ఆయా ఒకావిడ తలుపు తీసి, "తర్వాత మీ పాపే" అని చెప్పి వెళ్లింది. 

అప్పుడు వచ్చింది పట్టీలమ్మ. తెల్లకోటు లేకుండా ఆవిడని చూడడం అదే మొదటిసారి. చంకలో రిజిస్టరు. తిన్నగా నాన్న ముందు నిలబడి, కూడబలుక్కున్న మాటలు ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"మీ అమ్మాయి మోకాలికి ఏమీ లేదండీ. ఎప్పుడూ లేదు. ఈ పదకొండూ నేను రాసిన అబద్ధాలు. పొద్దున్నే హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పి, గది తాళంచెవి ఇచ్చేసి వస్తున్నాను. దయచేసి కోయించకండి."

ఆ తాళంచెవి ఆవిడకి మళ్లీ తిరిగి రాలేదు. ఆ తర్వాత ఏదో ఆసుపత్రిలో నైట్ డ్యూటీల్లో కుదిరిందని, తమ్ముడి హాల్లోనే ఆ మడత మంచం మీదే ఏళ్లు గడిపిందని నేను చాలాకాలానికి విన్నాను.  ఆ రోజు మాత్రం నాకు ఒక్కటే అనిపించింది: అమ్మయ్య, ఆవిడ చెప్పేసింది, నేను చెప్పక్కర్లేదు.

నాన్న ఆవిడ వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. "ఏదీ, లేచి నడువు చిన్నీ" అన్నాడు.

లేచాను. ఇప్పుడు కుంటక్కర్లేదు. హాయిగా అడుగు వేశాను. ఎడమ కాలు నేలకి ఆనీ ఆనకముందే ఒళ్లంతా కుడివైపుకి ఒరిగిపోయింది. మళ్లీ వేశాను. మళ్లీ కుంటు. ఆపుదామని పళ్లు బిగించి నాలుగు అడుగులు వేశాను. నాలుగూ కుంటుడే. ఆ కాలు నా మాట వినడం మానేసింది.

అమ్మ బావురుమంది. నాన్న ముఖం ఎర్రబడింది. "చూశారా? కళ్లెదురుగా పిల్ల కుంటుతుంటే ఏమీ లేదంటారేంటి? మీరు కట్టిన కట్ల వల్లే ముదిరిందని, మీ మీదకి వస్తుందని ఇప్పుడు ఇలా చెబుతున్నారా?"

"కాదండీ" అంది పట్టీలమ్మ. అంతకుమించి ఆవిడ దగ్గర ఏముంది? నిజం మొత్తం ఖర్చుపెట్టేసింది. ఆయా మళ్లీ తలుపు తీసి, "రండి" అంది. నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

పట్టీలమ్మ గబుక్కున నా ముందు నేల మీద చతికిలబడి, నా రెండు చేతులూ పట్టుకుంది.  "దేనికే తల్లీ నీకు భయం? నాకు చెప్పద్దు. మీ నాన్నకి చెప్పు."

వరండాలో ఉన్నవాళ్లందరూ నన్నే చూస్తున్నారు. చేతులు చల్లబడ్డాయి. ఇది కోర్టు కంటే అన్యాయం. ఆ తెరిచిన తలుపు వంక చూశాను. లోపల పెద్ద లైటు కింద ఖాళీ బల్ల ఉంది.

"హారన్ నాన్నా" అన్నాను.

"ఏ హారన్?"

"నీ హారనే. నువ్వు చూస్తుంటే నాకు చేతులు ఆడట్లేదు. అందుకే కాలునొప్పి అన్నాను. ఇప్పుడు కాలు చూస్తున్నావు. నువ్వు చూస్తుంటే ఇదీ ఆడట్లేదు."

 "అక్కకి బాగుండేదిగా?" అన్నాడు నాన్న, తప్పు చేసి దొరికిన చిన్నపిల్లాడిలా.

"అక్కకి బాగుండేది. నాకు బాగుండదు."

నాన్న ఆయాని ఒక్క నిమిషం ఆగమని సైగ చేసి, నడుచుకుంటూ గోడ దగ్గరకి వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. టోపీ అంచు గోడకి తగిలేంత దగ్గరగా. "నేను చూడట్లేదు. నడువు" అన్నాడు. "నువ్వు కూడా తిరుగు" అని అమ్మతో అన్నాడు. అమ్మ ముక్కు చీదుకుంటూ తిరిగింది. చేతికట్టు ముసలాయన కూడా, తనకేం సంబంధమో గానీ, మర్యాదగా అటు తిరిగి కూర్చున్నాడు.

పట్టీలమ్మ ఒక్కతే చూస్తోంది. నేను నడిచాను. మూడడుగులు కుంటుతూనే వేశాను. ఐదో అడుగో ఆరో అడుగో, మంచినీళ్ల కుళాయి దగ్గర, ఎడమ పాదం మడమ నుంచి వేళ్ల దాకా నేలని తాకింది. బండ చల్లగా ఉంది. మళ్లీ ఒక కుంటు, మళ్లీ ఒక మంచి అడుగు.

"నడుస్తోందండీ" అంది పట్టీలమ్మ, ఏడుస్తూ.

నాన్న గోడవైపే చూస్తూ అడిగాడు: "ఇప్పుడు చూడొచ్చా చిన్నీ?"

"అప్పుడే వద్దు నాన్నా" అన్నాను.

"సరే" అని అలాగే నిలబడ్డాడు.